ఛత్తా బజార్ నుంచి ఆ ఆయత్ నేనెందుకు పంపలేదు



రంజాన్‌కు రెండు వారాల ముందు మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. డల్లాస్ దగ్గర ఉండే మా భాంజా పంపాడు. గ్యారేజీలో బల్ల, బల్ల మీద ఒక పాత వేట రైఫిల్. దానికి అక్రోట్ చెక్కతో కొత్త కుందా. వాడే చెక్కాడు. చెక్క మీద సన్నని తీగ నక్షి, మన బీదర్ హుక్కాల మీద పాకే తీగలాంటిది. ఇనుముకు ముదురు నీలం మెరుగు. అబద్ధం ఎందుకు, ఆ ఫోటోను నేను రెండుసార్లు పెద్దది చేసి చూశాను. గ్రూపులో పదహారు "మాషా అల్లాహ్"లు వచ్చాయి. పదిహేడోది నాది.

ఆ రాత్రే వాడు నాకు విడిగా రాశాడు. "మామూ, ఛత్తా బజార్‌లో మీకు తెలిసిన ఖత్తాత్ సాబ్ ఉన్నారు కదా. ఆయనతో ఒక ఆయత్ సుల్స్ ఖత్‌లో రాయించి పంపండి. ఇనుము మీద లేజర్‌తో చెక్కిస్తా." ఏ ఆయత్ కావాలో కూడా రాశాడు. ఫతహ్ గురించి, అల్లాహ్ మదద్ గురించి చెప్పే ఆయత్.

తెల్లారి ఫజర్ అయ్యీ కాకముందే వాళ్ళమ్మ, మా ఆపా, ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీరంతా మాషా అల్లాహ్ అంటున్నరు. ఆ ఇంట్ల నాలుగేండ్ల పిల్ల ఉన్నది. నాకు రాత్రి నిద్ర పడ్తలేదు. నువ్వు మామూవి, నీ మాట వింటడు, నువ్వన్నా చెప్పు."

ఒకరికి ఆయత్ కావాలి, ఒకరికి నసీహత్ కావాలి. రెంటికీ ఒకేసారి జవాబు చెప్పాల్సి వచ్చింది. మనలో చాలా ఇళ్ళ నుంచి ఒక్క బిడ్డైనా అమెరికాలో ఉన్నాడు కనుక ఆ జవాబు ఇక్కడ కూడా రాస్తున్నాను.

ముందు ఈ షౌఖ్ ఏమిటో ఇన్సాఫ్‌తో చెప్పుకుందాం. అమెరికాలో తుపాకీని ఇంట్లో బాగుచేసుకోవడం, మార్చుకోవడం, సింగారించుకోవడం కొత్త పిచ్చి కాదు. రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత సైన్యాలకు అక్కర్లేని రైఫిళ్ళు అక్కడ చవకగా అమ్ముడుపోయాయి. జర్మన్ మౌజర్లు, అమెరికన్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లు, ఇంగ్లీషువాళ్ళ లీ ఎన్‌ఫీల్డ్‌లు. రైతులు, మెకానిక్కులు వాటిని కొనుక్కుని బరువైన సైనిక చెక్కను తీసేసి, వేటకు పనికొచ్చే తేలికపాటి కుందా తొడిగారు. తండ్రి కొడుక్కి నేర్పాడు. తమాషా ఏమిటంటే, అలా చెయ్యి పెట్టని పాత రైఫిల్‌కే ఇప్పుడు కలెక్టర్ల దగ్గర ఎక్కువ ధర. ఆ తర్వాత ఏఆర్-15 రకం వచ్చింది. దాని భాగాలు పిల్లల ప్లాస్టిక్ ఇటుకల్లా విడిపోతాయి, కలుస్తాయి. పిడి, కుందా, దూరం చూసే అద్దం, రంగు, ప్రతిదానికీ వందల రకాలు. చట్టం మాత్రం వాటిలో నంబరు కొట్టి ఉన్న ఒక్క భాగాన్నే, రిసీవర్‌ని, తుపాకీగా లెక్కగడుతుంది. మిగతావి సాధారణంగా పోస్టులో ఇంటికి వస్తాయి.

ఈ పనిలో లజ్జత్ ఎక్కడుందో నాకు తెలుసు. మా అబ్బా ఆజమాబాద్‌లో ముప్పై ఏళ్ళు ఖరాద్ మిషన్ మీద నిలబడ్డాడు. ఇనుము చక్కగా తెగినప్పుడు వచ్చే సన్నటి చుట్టను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి మాకు చూపించేవాడు. చేతులకు నూనె వాసన ఈద్ రోజు కూడా పోయేది కాదు. మా భాంజాకు ఆ చేతులే వచ్చాయి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి సాయంత్రం ఒక వస్తువు చేతిలో రూపం తీసుకుంటుంటే కలిగే సుకూన్ చిన్నది కాదు. కాబట్టి ఇది శైతానీ పని, వెంటనే వదిలెయ్ అని తేల్చే మౌల్వీగిరీ నేను చెయ్యను.

వాడు నాతో వాదించిన మొదటి మాట మన తారీఖ్ గురించే. "మామూ, ఇది మన వారసత్వం కాదా?" అన్నాడు. నిజమే. దమిష్ఖీ తల్వార్ అని దునియా అంతా పొగిడిన కత్తులకు ఉక్కు వెళ్ళిన చోట్లలో మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. 1820లలో అక్కడికి వెళ్ళిన ఒక ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు, ఆ ఉక్కు కోసం ఇరాన్ నుంచి వచ్చి కూర్చున్న సౌదాగర్‌ని చూసి రాశాడు. గోల్కొండ కోట మీది ఫతే రహ్‌బర్ ఫిరంగి మీద దాన్ని పోసిన ముహమ్మద్ అలీ అరబ్ పేరుంది. హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ అని బస్సు కండక్టర్లు అరిచే చోటును మన పెద్దలు తోప్ కా సాంచా అనేవారు. రెండో నిజాం కాలంలో ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ ఫిరంగులు పోయించాడు. ఆయన్నే మనవాళ్ళు మూసా రహీం అన్నారు, హిందూ సోదరులు మూసా రాం అన్నారు. టిప్పు సుల్తాన్ కారీగర్లు తుపాకుల మీద పులి ముఖాలు చెక్కారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ముందు నిలబడితే బంగారు కోఫ్తగిరీ చూసి కళ్ళు తిప్పుకోలేం.

అలంకారం దానంతట అది గునా కూడా కాదు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం తల్వార్ పిడి కొసకు వెండి ఉండేదని హదీస్ కితాబుల్లో ఉంది. దావూద్ అలైహిస్సలాం చేతిలో అల్లాహ్ ఇనుమును మెత్తగా చేశాడని ఖురాన్ చెబుతుంది. ఇనుము పేరుతో ఒక సూరాయే ఉంది. అందులో ఇనుముకు రెండు గుణాలు కలిపి చెప్పబడ్డాయి, దాని భయంకరమైన బలం, మనుషులకు దానివల్ల కలిగే ఫాయిదా. ఈ రెంటినీ విడదీసి ఒక్కటే చూసేవాడు ఇనుమును సగమే చూసినవాడు.

ఇక్కడే నా మొదటి ఇఖ్తిలాఫ్. ఆ పాత కారీగర్ ఒంటరిగా పని చెయ్యలేదు. కార్‌ఖానాలో చేశాడు. పైన ఉస్తాద్ ఉన్నాడు, ఆ పైన దారోగా ఉన్నాడు, లెక్క రాసే మున్షీ ఉన్నాడు. లండన్‌లో 1637 నుంచీ తుపాకీ తయారీదార్ల సంఘం ఉంది. గొట్టంలో మామూలుకంటే ఎక్కువ మందు వేసి పేల్చి పరీక్షించాకే దాని మీద ముద్ర కొట్టే పద్ధతి వాళ్ళు నడిపారు. బర్మింగ్‌హామ్‌లో అలాంటి పరీక్షాశాల 1813లో పెట్టారు. అంటే ఆయుధం చేసే హునర్ ఎప్పుడూ నలుగురి నిగ్రానీలో బతికింది. తప్పు చేస్తే పట్టుకునే కళ్ళు ఆ గదిలోనే ఉండేవి. గ్యారేజీలో రాత్రి పదింటికి ఒంటరిగా కూర్చున్నవాడికి ఉస్తాద్ ఎవరు? పది నిమిషాల వీడియో. వీడియో మన చేతిలోని తప్పును చూడదు.

కుందా చెక్కడం, రంగు వెయ్యడం ఒక సంగతి. ట్రిగర్‌ను ఇంకా తేలిక చేద్దామని లోపలి భాగాల్లో వేలు పెట్టడం ఇంకో సంగతి. అది కొద్దిగా ఎక్కువైతే చాలు, కింద పడ్డప్పుడో, తగిలినప్పుడో పేలే తుపాకీ తయారవుతుంది. అందుకే ఆ పని లైసెన్సున్న గన్‌స్మిత్ తప్ప ఎవరూ ముట్టకూడదని నా రాయి. ఇంజనీరు అయినా సరే. ఇంట్లో కరెంటు పని చేసుకునేవాడు కూడా మీటరు జోలికి వెళ్ళడు కదా.

రెండో సంగతి నంబరు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ పెట్టుకునే అర్హత ఉన్న మనిషి తన సొంతానికి ఇంట్లో ఒక తుపాకీ తయారు చేసుకోవచ్చు, అమ్మకానికి చేస్తేనే లైసెన్సు కావాలి. కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలు ఎక్కువ. ఈ సందులోంచే సగం తయారైన భాగాల కిట్లు వచ్చాయి. వాటికి నంబరు లేదు, కొన్నవాడి పేరు ఎక్కడా లేదు. అక్కడివాళ్ళే వాటిని దెయ్యపు తుపాకులు అన్నారు. నేరాల్లో అవి దొరకడం పెరిగాక 2022లో ఫెడరల్ ఆయుధాల శాఖ, ఇలాంటి కిట్లు కూడా తుపాకీ కిందికే వస్తాయి, నంబరు ఉండాలి, కొనేవాడిని విచారించాలి అని రూలు తెచ్చింది. దాని మీద కేసు నడిచి 2025 మార్చిలో సుప్రీం కోర్టు ఏడుగురికి ఇద్దరి తేడాతో ఆ రూలును నిలబెట్టింది.

చట్టం సంగతి పక్కనపెట్టి మన దీన్ మిజాజ్ చూడండి. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ దేని గురించి? అప్పు రాసుకోవడం గురించి. చిన్నదైనా పెద్దదైనా రాసుకోండి, గవాహ్‌లను పెట్టుకోండి అని. నలుగురిలో ఇచ్చిపుచ్చుకునే డబ్బుకే రాత, సాక్ష్యం అడిగిన దీన్, ప్రాణం తీసే వస్తువుకు పేరూ నిషానీ లేకపోతే ఖుష్ అవుతుందా? మా భాంజా రైఫిల్‌కు నంబరు ఉంది, అల్‌హందులిల్లాహ్. కానీ వాడి దోస్తుల్లో ఒకడు "మనమే ఒకటి మొదటి నుంచి చేద్దాం" అంటున్నాడట. ఆ మహ్‌ఫిల్‌లో కూర్చోవద్దని గట్టిగా చెప్పాను.

ఇప్పుడు అసలు మాట, ఆ ఆయత్ మాట.

2019 మార్చి 15, జుమా రోజు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో నమాజుకు వచ్చిన 51 మందిని ఒక దుర్మార్గుడు చంపాడు. షహీద్ అయినవాళ్ళలో మన హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఆ తుపాకుల మీద తెల్ల రంగుతో రాతలు ఉన్నాయి. ముస్లింలతో జరిగిన పాత యుద్ధాల పేర్లు, వాటిలో పోరాడినవాళ్ళ పేర్లు. అదీ తుపాకీ సింగారమే. వాడు తన నఫ్రత్‌ను ఇనుము మీద రాసుకుని దానికి తారీఖ్ అని పేరు పెట్టుకున్నాడు. దానికి నాలుగేళ్ళ ముందు, 2015లో, ఫ్లోరిడాలో ఒక కంపెనీ క్రూసేడర్ పేరుతో రైఫిల్ అమ్మింది. దాని మీద శిలువ గుర్తు, బైబిల్ వాక్యం చెక్కారు. ముస్లిం ఉగ్రవాది ఎవడూ దాన్ని ముట్టకూడదనే అలా చేశామని చెప్పుకున్నారు. అప్పుడు మనకు ఎంత కోపం వచ్చింది? ఒక మజ్‌హబ్ పవిత్ర వాక్యాన్ని తూటా వెళ్ళే గొట్టం పక్కన చెక్కడం ఆ మజ్‌హబ్‌కే తౌహీన్ అని అనుకోలేదా మనం?

మరి అదే పని మన ఆయత్‌తో మనం చేస్తే?

మా భాంజా జవాబు చెప్పాడు: "మన పాత తల్వార్ల మీద ఆయత్‌లు ఉన్నాయి కదా మామూ." ఉన్నాయి. మ్యూజియంలో నేనూ చూశాను. ఆ తల్వార్ పట్టినవాడు ఏ జంగ్‌కు వెళ్తున్నాడో, ఎవరి హుకుం మీద వెళ్తున్నాడో అందరికీ తెలుసు. చేసిన ప్రతి జంగ్ సరైనదే అని కాదు, అక్కడ కనీసం ఒక సందర్భం ఉంది. నీ రైఫిల్ ఎవరితో జంగ్‌కు వెళ్తోంది బేటా? శనివారం రేంజ్‌లో కాగితానికి, నవంబరులో జింకకు. కాగితం మీద ఫతహ్ కోసం అల్లాహ్ కలామ్ కావాలా? పైగా దాన్ని ఎక్కడెక్కడ పెడతావు, ఏ నేల మీద ఆనిస్తావు, ఏ చేతులతో ముడతావు? వుజూ లేకుండా ముస్‌హఫ్ తాకని ఇల్లు మనది.

అన్నిటికన్నా భయంకరమైన సంగతి ఇంకొకటి ఉంది. రేపు ఆ రైఫిల్ దొంగల పాలైందనుకో, దాని ఫోటో ఎవడి చేతికో చిక్కిందనుకో. ఆ ఆయత్‌ను ఏ టీవీవాడు, ఏ పోలీసు ఎలా చదువుతాడు? నీ నీయత్ నీ దిల్‌లో ఉంటుంది, రాత మాత్రం ఇనుము మీద ఉంటుంది. మన పేర్లు ఉన్నవాళ్ళకు ఈ దునియాలో రెండో ఛాన్స్ తక్కువ. ఇది జుల్మే, ఒప్పుకుంటాను. కానీ జుల్మ్ ఉందని తెలిసి దాని చేతికి మనమే కాగితం రాసి ఇవ్వడం అక్ల్‌మందీ కాదు.

వాడు ఒక హదీస్ కూడా గుర్తుచేశాడు. ఒక్క బాణం వల్ల ముగ్గురికి జన్నత్ దొరుకుతుందన్న హదీస్. తయారు చేసినవాడికి, అందించినవాడికి, వేసినవాడికి. బాగా గుర్తుచేశావు బేటా, కానీ అందులో తయారు చేసినవాడికి ఒక షర్త్ ఉంది చూడు. మంచి నీయత్‌తో చేసి ఉండాలి. అంటే ఆయుధం తయారుచేసే చేతికే నీయత్ లెక్క ముందు అడగబడుతుంది. ఇక మసీదులోంచి, బజారులోంచి బాణాలతో వెళ్ళేవాడు ఎవరికీ గుచ్చుకోకుండా మొనలను చేత్తో పట్టుకోవాలని, సొంత తమ్ముడి వైపైనా ఆయుధం చూపిన మనిషిని ఫరిష్తాలు లానత్ చేస్తారని, ఒర విప్పిన కత్తిని చేతికి అందించొద్దని, తోటి ముసల్మాన్‌ను భయపెట్టడం హలాల్ కాదని వచ్చిన హదీసుల భావం అంతా కలిపి చూడు. ఆయుధం ఉన్నవాడి మీదే జిమ్మేదారీ, పక్కవాడి మీద కాదు. మీ అమ్మీకి ఏడు సముద్రాల అవతల నిద్ర పట్టడం లేదంటే అదీ ఈ లెక్కలోకే వస్తుంది.

ఇంటి సంగతి. అమెరికాలో 2020 నుంచి పిల్లలు, టీనేజీవాళ్ళ మరణాలకు మొదటి కారణం తుపాకులే అని అక్కడి ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. రోడ్డు ప్రమాదాలను కూడా దాటేసింది. తుపాకీ చావుల్లో సగానికి పైగా ఎవరో వచ్చి కాల్చినవి కావు, మనిషి తనను తానే కాల్చుకున్నవి. ఇది మనం మాట్లాడని మాట. మన ఇళ్ళలో ఖుద్‌కుషీ అన్న పదమే నోట్లోంచి రాదు. కానీ ఉద్యోగం పోయిన రాత్రి, వీసా తిరస్కరించిన రాత్రి, మియా బీవీ గొడవపడిన రాత్రి, ఈమాన్ ఉన్న మనిషికి కూడా దిల్ చీకటి అవుతుంది. ఆ చీకటి చాలామందికి తెల్లారేసరికి తగ్గుతుంది. చేతికి అందేంత దూరంలో తుపాకీ ఉంటే ఆ తెల్లవారడం రాకపోవచ్చు. అందుకే ఇంట్లో తుపాకీ ఉన్న ప్రతి బిడ్డకూ నా మష్వరా: తూటాలు తీసి, తాళం వేసిన సేఫ్‌లో పెట్టు. తూటాలు వేరే చోట, వేరే తాళంలో పెట్టు. కష్టకాలం వస్తే, అక్కడి చట్టం ఒప్పుకునే పద్ధతిలో తుపాకీని కొన్నాళ్ళు ఇంటి బయట పెట్టు, నమ్మకమైన దోస్త్‌కు దిల్‌లో మాట చెప్పు. మదద్ అడగడం కమ్‌జోరీ కాదు. ఇల్లు అమానత్, పిల్ల అమానత్, నీ జాన్ కూడా అమానత్.

కొన్నేళ్ళ కింద అమెరికాలో చదువుకుంటున్న మన తెలంగాణ విద్యార్థి ఒకడు తన తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. ఆ అమ్మానాన్నలు ఏ మజ్‌హబ్ అయినా, ఆ దుఃఖం మనదే.

వీసా మీద ఉన్న పిల్లలకు ఇంకో మాట. ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధించింది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, కానీ దోస్త్ చెప్పాడని వాటిని నమ్ముకోకుండా వకీల్‌ను అడగాలి. గ్రీన్ కార్డు ఉన్నా తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపేయవచ్చు. సరదా మార్పుల్లోనూ గోతులున్నాయి. రైఫిల్ గొట్టం పదహారు అంగుళాల కంటే పొట్టిగా ఉంటే అది 1934 నాటి వేరే చట్టం కిందికి పోతుంది. ముందుగా దర్ఖాస్తు పెట్టి రిజిస్టర్ చేసుకోకుండా అలా చేస్తే పదేళ్ళ దాకా జైలు. అందం కోసం రెండు అంగుళాలు తగ్గించినవాడు తన మొత్తం కెరీర్‌ను కోసుకున్నట్టే. మా భాంజా సిటిజన్. వాడి గ్యారేజీకి సాయంత్రం చాయ్‌కి వచ్చే దోస్తులు అందరూ కారు. వాళ్ళ చేతికి రైఫిల్ ఇచ్చి ఫోటోలు తీసే ముందు వీడు ఆలోచించాలి.

ఇక్కడ వరంగల్‌లో, గుంటూరులో, కర్నూలులో కూర్చుని మనకేం సంబంధం అనుకునేవాళ్ళకు కూడా నాలుగు మాటలు. మన దేశంలో ఇదంతా షౌఖ్ కానే కాదు, నేరం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ చేయడమే కాదు, గొట్టం పొట్టి చేయడం, బొమ్మ తుపాకీని నిజం తుపాకీగా మార్చడం కూడా కుదరవు. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి కనీసం ఏడేళ్ళు, గరిష్ఠం యావజ్జీవం. అదే సవరణ పెళ్ళిళ్ళలో గాలిలోకి కాల్చడాన్ని కూడా పట్టుకుంది. రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. మన కుర్రాళ్ళు లైసెన్సు అక్కర్లేని ఎయిర్ గన్ కొని, వీడియో చూసి దాని జోరు పెంచే ప్రయత్నం చేస్తారు. 2016 రూల్స్ ప్రకారం ఇరవై జౌళ్ళ హద్దు దాటితే అది లైసెన్సు కావలసిన ఆయుధం. బారాత్‌లో మర్ఫా దరువుకు తల్వార్ తిప్పి రీల్ పెట్టడం, బర్త్‌డే కేకును ఖంజర్‌తో కోయడం ఇవన్నీ అదే బీమారీకి చిన్న రూపాలు. ఆయుధం చేతిలో ఉంటే నేను ఎవరో అనిపించే బీమారీ. ఆ బీమారీకి దవా ఆయుధంలో లేదు.

నా మాటకు ఎదురు వచ్చే ప్రశ్నలు నాకు తెలుసు. మొదటిది: వంటింటి కత్తి కూడా చంపుతుంది కదా? చంపుతుంది. కానీ కత్తి రోజుకు మూడు పూటలు ఉల్లిగడ్డ కోస్తుంది. తుపాకీ చేసే పని ఒక్కటే, దూరం నుంచి గాయం చేయడం. పని ఒక్కటే ఉన్న వస్తువుకు షర్తులు ఎక్కువ ఉంటాయి. రెండోది కొంచెం బరువైనది. క్రైస్ట్‌చర్చ్ తర్వాత మసీదుల్ని మనమే కాపాడుకోవద్దా? కాపాడుకోవాలి. అమెరికాలో చాలా మసీదులు జుమాకు గార్డులను పెట్టుకున్నాయి, చాలామంది ముసల్మానులు శిక్షణ తీసుకుని తుపాకీ కొన్నారు. వాళ్ళను నేను తప్పు పట్టను. నమాజులో వెనక సఫ్‌లో పిల్లల్ని కూర్చోబెట్టుకున్న తండ్రి భయం నాకు అర్థమవుతుంది. కానీ హిఫాజత్ కోసం పెట్టుకున్నవాడు దాన్ని సింగారించడు, ఫోటో పెట్టడు, పదిమందికి చూపించడు. మంటలు ఆర్పే సిలిండర్‌ను ఎవరైనా పూలతో అలంకరిస్తారా? హిఫాజత్‌కు తాలీమ్ కావాలి, సబర్ కావాలి. నుమాయిష్ అక్కర్లేదు.

అలా అని వాడి చేతుల్లోని హునర్‌ను కట్టేయాలా? ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ రోజులు బాధపెట్టింది. మా అబ్బా రిటైర్ అయ్యాక చేతులు ఖాళీ అయి, ఏడాదిలో ముసలివాడైపోయాడు. హునర్ ఉన్న చెయ్యికి పని లేకపోతే మనిషి లోపల తుప్పు పడతాడు. వద్దు అని చెప్పడం సులభం, దాని బదులు ఏది అని చెప్పడం కష్టం.

ఛత్తా బజార్‌కు అయితే వెళ్ళాను. శుభలేఖల దుకాణాల మధ్య ఆ ఇరుకు మెట్లెక్కి ఖత్తాత్ సాబ్ దగ్గర కూర్చున్నాను. సంగతి చెప్పాను. ఆయన ఖలమ్ కింద పెట్టి, "తుపాకీ మీదికి నేను రాయను భాయ్. ముగ్గురు పిల్లల్ని చదివించింది ఈ ఖలమ్" అని ఊరుకున్నాడు. కాసేపటికి ఆయనే అడిగాడు, "కుర్రాడు చెక్క పని బాగా చేస్తాడా?" ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు. "ఈ చెయ్యి రెహల్ చెయ్యగలదు" అన్నాడు.

రెహల్ చూసే ఉంటారు కదా, ఖురాన్ పెట్టుకునే పీట. అసలైన రెహల్ ఒకే పలకలోంచి వస్తుంది. మేకు ఉండదు, జిగురు ఉండదు. పలకను మధ్యలోంచి చీల్చి, కీలును ఆ చెక్కలోనే కోసి, ఒకదానిలోంచి ఒకటి తెరుచుకునేలా చేస్తారు. ఒక్క గాటు తప్పితే పలక మొత్తం పోతుంది. కుందా చెక్కడం కంటే కష్టం, ఎవరినైనా అడగండి.

ఆ రాత్రి భాంజాకు రాశాను. "ఆయత్ పంపడం లేదు బేటా. కారణాలు ఇవి. రైఫిల్ మానెయ్యమని అనడం లేదు, అది నీకూ నీ చట్టానికీ నీ రబ్‌కీ మధ్య సంగతి. సేఫ్ కొనమని మాత్రం అంటున్నాను, ఈ వారమే. మిగిలిన అక్రోట్ చెక్క ఉంటే మీ మసీదుకు ఒక రెహల్ చెయ్యి. దాని మీదికైతే ఖత్తాత్ సాబ్ పైసా తీసుకోకుండా రాసిస్తానన్నాడు."

పద్దెనిమిది రోజులు జవాబు లేదు. నీలం గీతలు మాత్రం పడ్డాయి. ఆపాకు కూడా పొడిగా మాట్లాడాడట. పెద్దరికం చూపించి పిల్లాడిని దూరం చేసుకున్నానేమో అని ప్రతి తరావీహ్‌లో అనుకున్నాను. తర్వాత ఒక సహరీ వేళ మెసేజ్ వచ్చింది. సలాం లేదు, మాఫీ లేదు, వాదన లేదు. గోడకు బిగించిన ఉక్కు సేఫ్ ఫోటో, కింద ఒక ప్రశ్న: "మామూ, రెహల్‌కు పలక మందం ఎంత ఉండాలి?"

ఆ మందం నాకు తెలియదు. జుమా తర్వాత ఖత్తాత్ సాబ్‌ను వెంటబెట్టుకుని వడ్రంగి దగ్గరికి పోవాలి.

అల్లాహ్ మన పిల్లల చేతులకు హునర్ ఇవ్వాలి, ఆ హునర్‌కు హిదాయత్ ఇవ్వాలి. వాళ్ళ ఇళ్ళను అమన్‌లో ఉంచాలి. ఆమీన్.